ఒక్క మెతుకు చాలదు



ఇవాళ బేస్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. ఆ ఆటతో మనకేం పని అని రేడియో కట్టెయ్యకండి. మీ ఇంట్లోనో, మీ చుట్టాల్లోనో అమెరికాలో ఉన్న పిల్లలు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. న్యూజెర్సీలోనో, డల్లాస్‌లోనో. వాళ్లు ఫోన్ చేసినప్పుడు క్రికెట్‌తో పాటు ఈ ఆట కబుర్లు కూడా చెప్తుంటారు. ఏప్రిల్ వచ్చిందంటే ఆ కబుర్లలో కాస్త ఏడుపు కూడా కలుస్తుంది. "మావాళ్లు ఈసారి అసలు కొట్టట్లేదు నాన్నా. ఇక ఈ సీజన్ అయిపోయినట్టే" అంటారు.

మొదలై ఇంకా మూడు వారాలు కూడా కాలేదు. అప్పుడే ఎలా అయిపోతుంది? ఈ పదిహేను నిమిషాలూ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుదాం.

2024 ఏప్రిల్ 20. న్యూయార్క్‌లో యాంకీ స్టేడియం. ఆరోన్ జడ్జ్ అనే ఆటగాడు బ్యాటింగ్‌కి వచ్చాడు. మనిషి రెండు మీటర్ల పొడుగు. 2022లో ఒక్క సీజన్‌లోనే 62 హోమ్ రన్‌లు, అంటే బంతి గోడ దాటే దెబ్బలు, కొట్టాడు. అక్కడి రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అంతకుముందు అన్ని ఎవరూ కొట్టలేదు. తొమ్మిదేళ్లకి 36 కోట్ల డాలర్లు ఇస్తామని యాంకీస్ జట్టువాళ్లు అతన్ని వదలకుండా పట్టుకున్నారు. అంతటివాడు ఆ రోజు నాలుగుసార్లు స్ట్రైకవుట్ అయ్యాడు. బంతిని మైదానంలోకి కొట్టకుండానే నాలుగుసార్లూ తల వంచుకుని వెనక్కి నడిచాడు. సొంత ఊరి జనమే "బూ" అని అరిచారు.

ఏప్రిల్ నెలంతా అతని బ్యాటింగ్ సగటు 200 చుట్టూనే తిరిగింది. బేస్‌బాల్‌లో సగటు వెయ్యికి లెక్క. 200 అంటే వెయ్యిసార్లు ఆడితే 200 హిట్లు, అంటే అయిదుసార్లకి ఒకటి. ఆ ఏడాది రెండు లీగుల్లో కలిపి సగటు 243. అంటే కోట్లు తీసుకునేవాడు మామూలు ఆటగాడి కంటే తక్కువ కొడుతున్నాడు. మరి అభిమానులకి కడుపు మండదా?

సీజన్ ముగిసేసరికి జడ్జ్ సగటు 322. హోమ్ రన్‌లు 58. అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. ఓటు వేసిన వాళ్లందరూ మొదటి స్థానం అతనికే ఇచ్చారు.

ఏప్రిల్‌లో అరిచినవాళ్లు మూర్ఖులా? నేనలా అనను. వాళ్లకి కనిపించింది వాళ్లు చూశారు. చూసింది చాలా కొంచెం. వచ్చిన చిక్కంతా అక్కడే.

మన ఇళ్లల్లో ఒక మాట ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మా అమ్మ గిన్నె మూత తీసి, గరిటెతో పైమెతుకు ఒకటి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేది. పలుకు తగిలితే మళ్లీ మూత పెట్టేది. ఎప్పుడూ లెక్క తప్పేది కాదు.

ఎందుకు తప్పేది కాదు? గిన్నెలో ఉన్నవన్నీ ఒకే బియ్యం. ఒకే ఎసరు. కింద ఒకే మంట. ఒక మెతుకు ఉడికితే పక్క మెతుకూ ఉడికే ఉంటుంది. అందుకే అక్కడ ఒక్కటి చాలు.

బేస్‌బాల్ అలాంటి గిన్నె కాదు. అక్కడ ఏ మెతుకు దారి దానిదే.

కొంచెం ఆట చెప్తాను. బంతి విసిరేవాడు బ్యాటర్‌కి పద్దెనిమిదిన్నర మీటర్ల దూరంలో నిలబడతాడు. క్రికెట్‌లోలా పరిగెత్తుకు రాడు. నిలబడిన చోటు నుంచే విసురుతాడు. అయినా బంతి గంటకి 150 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. నేల మీద పడదు, నేరుగా వస్తుంది. బ్యాటు గుండ్రం. బంతీ గుండ్రం. కొట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి అర సెకను కూడా ఉండదు. అందుకే పదిసార్లు ఆడి మూడుసార్లు హిట్ కొట్టినవాణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. మిగతా ఏడుసార్లు విఫలమైనా ఎవరూ ఏమీ అనరు.

తగిలిన ప్రతి బంతీ హిట్ అయిపోదు. బంతి గట్టిగా, నేరుగా దూసుకుపోతుంది. అది పోయే దారిలోనే ఎదుటి జట్టు ఫీల్డర్ నిలబడి ఉంటాడు. అతను కదలనక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు. అవుట్. ఇంకోసారి బ్యాటు అంచుకి తగిలి బంతి నేల మీద ముక్కుతూ మూలుగుతూ దొర్లుతుంది. ఫీల్డర్ వచ్చి ఏరుకునేలోపు బ్యాటర్ పరుగెత్తి మొదటి బేస్ చేరిపోతాడు. హిట్. రికార్డు పుస్తకంలో మొదటిది సున్నా, రెండోది ఒకటి. ఎంత బాగా కొట్టాడన్నది ఆ పుస్తకానికి పట్టదు.

ఇప్పుడు చిన్న లెక్క. కాగితం, పెన్ను అక్కర్లేదు. నాతోపాటు మనసులో వేసుకోండి.

రోజూ ఆడే బ్యాటర్‌కి ఆటకి నాలుగైదు అవకాశాలు వస్తాయి. ఏప్రిల్ మధ్యకి వచ్చేసరికి సుమారు 60 అవుతాయి. ఆ 60లో 15 హిట్లు కొడితే సగటు 250. పర్వాలేదంటారు. 12 కొడితే సగటు 200. పనికిరాడంటారు. పదిహేనుకీ పన్నెండుకీ తేడా ఎంత? మూడు. మూడు వారాల్లో మూడే మూడు బంతులు. ఒకటి ఫీల్డర్ చేతుల్లోకి నేరుగా పోయింది. ఒకటి గాలికి ఆగి గోడ ముందు పడింది. ఒకటి అడుగు తేడాతో గీత బయట పడింది. ఆ మూడూ పడాల్సిన చోట పడి ఉంటే ఈ బ్యాటర్ గురించి ఎవరూ నోరెత్తేవాళ్లే కాదు.

అందుకే మళ్లీ చెప్తున్నాను. అరవై అవకాశాలంటే గిన్నెలో ఒక్క మెతుకు. సీజన్ మొత్తంలో రోజూ ఆడేవాడికి ఆరువందల పైచిలుకు వస్తాయి.

జట్టుకి 162 ఆటలు. మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా ఇంచుమించు రోజూ ఆటే. మన ఐపీఎల్‌లో లీగ్ దశలో జట్టుకి 14 మ్యాచ్‌లు. అక్కడ వరసగా నాలుగు ఓడితే కంగారు పడటంలో అర్థం ఉంది. 162లో నాలుగంటే నెలలో ఒకటి రెండు పూటల భోజనం మానేసినట్టు, అంతే.

ఇంకో సంగతి. ఏప్రిల్ అంటే మనకి మామిడికాయలు, వడగాడ్పులు. షికాగోలో, బోస్టన్‌లో, న్యూయార్క్‌లో అలా ఉండదు. రాత్రి ఆటకి పది డిగ్రీల కంటే తక్కువకి పడిపోవడం మామూలే. 2007 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో మంచు ముంచెత్తింది. సొంత ఊళ్లో మొదటి ఆటలు నాలుగు వాయిదా పడ్డాయి. ఆ తర్వాతి ఆటల్ని వేరే రాష్ట్రంలోని మిల్వాకీకి తీసుకుపోయారు. అక్కడి స్టేడియానికి మూసుకునే పైకప్పు ఉంది. సొంత ఆటలు పరాయి ఊళ్లో ఆడుకున్నారు పాపం.

చలిలో గాలి చిక్కగా ఉంటుంది. జులైలో గోడ దాటే బంతి ఏప్రిల్‌లో గోడకి ఇవతలే ఆగిపోతుంది. షికాగోలో రిగ్లీ ఫీల్డ్ అనే పాత మైదానం ఉంది. దగ్గర్లోనే మిషిగన్ సరస్సు. వసంతకాలంలో ఆ సరస్సు మీంచి గాలి ఎదురు వీస్తే ఎంతటి మొనగాడి దెబ్బయినా తుస్సుమంటుంది. చలిలో బంతి బ్యాటు మధ్యలో తగలకుండా పిడి దగ్గర తగిలిందనుకోండి. అరచేతుల నుంచి మోచేతుల దాకా తేళ్లు కుట్టినట్టు జివ్వుమంటుంది. ఒకసారి అలా తగిలితే, తర్వాతి బంతికి చెయ్యి పూర్తిగా ఆడించడానికి మనిషి జంకుతాడు.

సరే. మరి ఏప్రిల్‌లో ఏమీ తెలియదా? కళ్లు మూసుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. సగటుని పక్కన పెట్టి వేరేవి చూడాలి.

బంతి ఎక్కడ పడిందన్నది అదృష్టం చేతిలో ఉంటుంది. ఎంత గట్టిగా తగిలిందన్నది చాలావరకు బ్యాటర్ చేతిలో ఉంటుంది. 2015 నుంచి అమెరికాలోని పెద్ద లీగ్ స్టేడియాలన్నిట్లో ప్రతి బంతినీ కొలుస్తున్నారు. బ్యాటు మీంచి గంటకి 95 మైళ్లు, అంటే 153 కిలోమీటర్లు, లేదా అంతకు మించిన వేగంతో వెళ్తే దాన్ని గట్టి దెబ్బ కింద లెక్కేస్తారు. సగటు 200 ఉన్నా గట్టి దెబ్బలు ఎప్పటిలాగే ఉన్నాయా? అయితే నిశ్చింతగా ఉండండి. హిట్లు వాటంతట అవే వస్తాయి. సగటు బాగానే ఉండి దెబ్బల్లో పస తగ్గిందా? భయపడాల్సింది అక్కడ.

స్ట్రైకవుట్లు కూడా చూడండి. సగటు నిలకడకి రావడానికి నెలలు పడుతుంది. స్ట్రైకవుట్ల లెక్క మాత్రం తొందరగా నిజం చెప్పేస్తుంది. కొట్టకూడని దూరపు బంతుల వెంట పడుతున్నాడా, వదిలేస్తున్నాడా? ఆ అలవాటు నెల రోజుల్లోనే బయటపడిపోతుంది. ఎన్ని హిట్లు అన్నది తర్వాత. ఎలా ఆడుతున్నాడన్నది ముందు.

ఇదంతా స్టేడియంలో కూర్చున్నవాళ్లకి తెలియదా అంటే, తెలుసు. తెలిసినా ఆగలేరు. అమెరికాలో ఈ వాదనలకి రేడియోలే పెద్ద వేదిక. న్యూయార్క్‌లో డబ్ల్యూఎఫ్ఏఎన్ అనే రేడియో 1987లో మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ ఆటల కబుర్లే. అర్ధరాత్రి కూడా జనం ఫోన్ చేసి తిడతారు. ఓడిన రాత్రి అయితే మరీనూ. తిట్లు మాత్రం మారవు. బ్యాటింగ్ వరస మార్చాలి. హిట్టింగ్ కోచ్‌ని తీసెయ్యాలి. మేనేజర్‌ని పంపెయ్యాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం ఒక్క మన సొత్తే కాదు లెండి.

మేనేజర్‌ని మార్చితే ఫలితం ఉంటుందా? ఫిలడెల్ఫియా వాళ్లనడిగితే ఉంటుందంటారు. 2022లో ఫిలీస్ జట్టు 22 గెలిచి 29 ఓడింది. జూన్ 3న మేనేజర్ జో జిరార్డీని తీసేశారు. రాబ్ థామ్సన్ వచ్చాడు. ఆయన వచ్చాక మొదటి ఎనిమిది ఆటలూ వరసగా గెలిచారు. ఆ ఏడు ఆఖరి పోటీ అయిన వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు. ఇంకేం సాక్ష్యం కావాలి అంటారు.

అయితే బాల్టిమోర్ వాళ్లని కూడా అడగాలి. 1988లో ఓరియోల్స్ జట్టు మొదటి ఆరు ఆటలూ ఓడింది. ఆరే ఆరు. మేనేజర్ కాల్ రిప్కెన్ సీనియర్‌ని అక్కడికక్కడే తీసేశారు. ఆయన కొడుకులిద్దరు ఆ జట్టులోనే ఆడుతున్నారు, వాళ్ల కళ్లముందే. బదులుగా ఫ్రాంక్ రాబిన్సన్‌ని పెట్టారు. ఆటగాడిగా ఆయన సాధించనిది లేదు. ఏమైంది? ఇంకో పదిహేను వరసగా ఓడిపోయారు. మొత్తం 21. సీజన్ ఆరంభంలో వరస ఓటముల్లో అదే రికార్డు. రాబిన్సన్ ఆట తెలియనివాడు కాదు కదా. ఫిలీస్‌లో మంచి ఆటగాళ్లున్నారు, ఎలాగూ గాడిలో పడేవాళ్లు. ఓరియోల్స్‌లో లేరు. మేనేజర్ మార్పుకి దక్కిన కీర్తిలో సగమైనా అరువు కీర్తే అని నా అనుమానం.

చప్పట్ల సంగతీ అంతే. 2023 ఆగస్టులో అదే ఫిలడెల్ఫియాలో ట్రే టర్నర్ అనే ఆటగాడు ఎంతకీ కొట్టలేకపోతున్నాడు. అతనికి పదకొండేళ్లకి 30 కోట్ల డాలర్ల ఒప్పందం. అక్కడి జనం నోటికి దడవనివాళ్లు లేరు. అలాంటివాళ్లు ఆగస్టు 4న అతను బ్యాటింగ్‌కి రాగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆనాటి నుంచి అతను దంచికొట్టాడు. అంతా ప్రేమ మహిమ అన్నారు. మరుసటి ఏప్రిల్‌లో న్యూయార్క్ మెట్స్ అభిమానులు కూడా తమ ఫ్రాన్సిస్కో లిండోర్‌కి అలాగే లేచి చప్పట్లు కొట్టారు. అతనేమో మే నెల సగం గడిచినా 200 చుట్టుపక్కలే ఉన్నాడు. తర్వాత తనంతట తను కోలుకుని 33 హోమ్ రన్‌లు కొట్టాడు. నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి ఓటింగులో రెండోవాడిగా నిలిచాడు. చప్పట్లు కొట్టడం మంచిదే. తిట్టడం కంటే ఎంతో నయం. కానీ బాగా ఆడగలిగినవాడు ఎల్లకాలం పేలవంగా ఆడడు, అంతే.

ఆ మెట్స్ కథ ఇంకొంచెం ఉంది. 2024లో మొదటి అయిదు ఆటలూ ఓడారు. జూన్ 2 నాటికి 24 గెలుపులు, 35 ఓటములు. జూన్ 12న మెక్‌డొనాల్డ్స్ వాళ్ల ఊదారంగు బొమ్మ ఒకటి, గ్రిమేస్ అని, మైదానంలోకొచ్చి లాంఛనంగా తొలి బంతి విసిరింది. ఆ రోజు నుంచి వరసగా ఏడు గెలిచారు. చివరికి 89 గెలిచి, లీగ్ ఫైనల్ దాకా వెళ్లారు. ఇప్పటికీ ఆ బొమ్మ వల్లే గెలిచామని ప్రమాణం చేసేవాళ్లున్నారు. చదువుకున్నవాళ్లే.

తొందరపాటు తిట్టడంలోనే ఉంటుందనుకోకండి. పొగడటంలోనూ ఉంటుంది. 2025 మార్చి 23న ఉప్పల్‌లో ఏం జరిగిందో గుర్తుంది కదా? సన్‌రైజర్స్ మొదటి మ్యాచ్‌లోనే 286 కొట్టారు. ఈసారి మూడొందలు ఖాయం అని ఊరంతా అన్నారు. ఆ తర్వాత వరసగా నాలుగు ఓడారు. విశాఖలో 163కి ఆలౌట్. కోల్‌కతాలో 120కి ఆలౌట్. ఆ 286 కూడా ఒక్క మెతుకే.

ఇప్పుడు నా మాటకి అడ్డొచ్చే సంగతి కూడా చెప్పాలి. లేకపోతే అన్యాయం. 2024లోనే షికాగో వైట్ సాక్స్ జట్టు మొదటి 25 ఆటల్లో మూడే గెలిచింది. బ్యాటింగ్ మరీ ఘోరం. ఒక్క పరుగూ లేకుండా ముగిసిన ఆటలే ఎన్నో. ఓపిక పట్టమని వాళ్ల అభిమానులకి ఎవరైనా చెప్పి ఉంటే? ముందుంది ముసళ్ల పండగ. సీజన్ ముగిసేసరికి 121 ఓటములు. ఆధునిక కాలంలో ఏ జట్టూ ఒక సీజన్‌లో అన్ని ఓడలేదు.

అక్కడ మెతుకు నిజం చెప్పింది కదా అంటారు. చెప్పింది. అయితే అక్కడ బియ్యం సంగతి ముందే తెలుసు. అంతకుముందు ఏడాదే ఆ జట్టు 101 ఓడింది. సీజన్‌కి రెండు వారాల ముందు తమ దగ్గరున్న, బంతులు విసిరే మంచి పిచర్ డిలన్ సీస్‌ని శాన్ డియేగోకి ఇచ్చేశారు. ఏప్రిల్‌లోనే ముఖ్యమైన బ్యాటర్లు గాయాలతో మంచమెక్కారు. జనవరిలో అడిగినా ఈ జట్టు బాగుపడదనే చెప్పేవాళ్లు. ఏప్రిల్ వచ్చి దాని మీద ముద్ర వేసింది. జడ్జ్ విషయంలో ఏడెనిమిదేళ్లుగా చూసిన ఆట ఒకటి చెప్తోంది, మూడు వారాలు ఇంకొకటి చెప్తున్నాయి. అలాంటప్పుడు ఏడెనిమిదేళ్ల మాటే ఎక్కువ నమ్మాలి. వైట్ సాక్స్ విషయంలో రెండూ ఒకే మాట చెప్పాయి. కాబట్టి ఏప్రిల్ అంకెలు చూసే ముందు, మార్చిలో ఈ జట్టు గురించి ఏమనుకున్నామో గుర్తు తెచ్చుకోండి.

ఎన్నాళ్లు ఆగాలి మరి? దీనికి తారీఖు చెప్పడం కష్టం. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ 50 ఆటలయ్యాక 19 గెలిచి 31 ఓడారు. మే నెల చివరికొచ్చేసింది. అప్పటికి వాళ్లని వదులుకున్నవాళ్లని తప్పుపట్టలేం. ఆ ఏడు వరల్డ్ సిరీస్ గెలిచింది వాళ్లే.

ఇక శాన్ డియేగో పాడ్రేస్. 2023లో డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టి పెద్ద పెద్ద ఆటగాళ్లని తెచ్చుకున్నారు. ఏప్రిల్‌లో పరుగులు రాలేదు. ఆగండి, వస్తాయన్నారు. అన్నట్టే వచ్చాయి. సీజన్ మొత్తం చూస్తే ఎదుటి జట్లకి ఇచ్చినవాటికంటే 104 పరుగులు ఎక్కువే కొట్టారు. మామూలుగా అయితే తొంభై పైన గెలవాలి. వాళ్లు గెలిచింది 82. ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటల్లో 9 గెలిచి 23 ఓడారు. అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్లిన ఆటల్లో 2 గెలిచి 12 ఓడారు. ఆఖరి స్థానంలో ప్లేఆఫ్స్‌కి వెళ్లిన జట్లు 84 గెలిచాయి. రెండంటే రెండు ఆటల్లో పోయింది. ఆ ఏడు ఓపిక పట్టమన్నవాళ్ల లెక్క తప్పు కాదు. వాళ్లకి సీజన్ చాలలేదు, అంతే. నూట అరవై రెండు ఆటలు కూడా ఒక్కోసారి తక్కువే.